కీళ్లవాతం రక్తపరీక్షలు: ఏది ఎప్పుడు చేయించాలి, రిపోర్టు ఎలా చదవాలి

నల్లగొండ వైపు కీళ్లు నొస్తున్నాయంటే ముందు వినపడే మాట ‘ఫ్లోరైడ్ నీళ్లు’. పాలమూరు వైపు అయితే ‘వాతం చేసింది’ అంటారు. ఎప్పుడో జ్వరం వచ్చి పోయినవాళ్లకు ‘చికున్‌గున్యా ఇంకా ఒంట్లోనే ఉంది’ అని తీర్పు చెప్పేస్తారు. ఈ మూడింట్లో ఏదో ఒకటి నిజం కావచ్చు, ఏదీ కాకపోవచ్చు కూడా. తేల్చుకుందామని ల్యాబుకు పోతే ‘ఆర్థరైటిస్ ప్యాకేజీ’ అని పదో పన్నెండో పరీక్షలు రాసిన కాగితం చేతిలో పెడతారు. రిపోర్టులో ఎక్కడో ఒకచోట నల్లటి అక్షరాల్లో ఎక్కువ అని ఉంటుంది, ఇక ఇంటిల్లిపాదికీ టెన్షన్.

రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు, అంటే మనం కీళ్లవాతం అనే జబ్బుకు, చేసే రక్తపరీక్షలు మూడు రకాలు. రోగం పేరు తేల్చడానికి చేసేవి ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ. రోగం ఇప్పుడు ఎంత జోరు మీద ఉందో చూసేవి ఈఎస్ఆర్, సీఆర్‌పీ. వేసుకునే మందు ఒంటికి సరిపడుతోందా అని చూసేవి సీబీపీ (రక్తకణాల లెక్క), లివర్ పరీక్ష, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష). మొదటి రకం సాధారణంగా ఒక్కసారి చేయిస్తే చాలు. మిగతా రెండూ మందు వాడినంత కాలం చేయిస్తూనే ఉండాలి. చాలామంది ఇళ్లల్లో దీనికి తలకిందులుగా జరుగుతోంది. ప్రతి మూడు నెలలకూ ఆర్‌ఏ ఫ్యాక్టర్ తీయించి తగ్గిందా పెరిగిందా అని చూసుకుంటారు, లివర్ పరీక్ష మాత్రం ఏడాదైనా ముట్టరు.

ల్యాబుకు పోకముందు చేతులు చూసుకోండి

ఈ జబ్బును ముందు చేతుల్లో చూడాలి, రక్తంలో వెతికేది తర్వాత. పిడికిలి బిగిస్తే పైకి లేచే ఎముకల వరస ఉంటుంది కదా, ఆ కీళ్లు, వాటి తర్వాత వేలి నడుమ కణుపులు, మణికట్లు, పాదాల్లో వేళ్లు మొదలయ్యేచోట కీళ్లు: కీళ్లవాతం ముందుగా పట్టేది వీటినే. గోరు పక్కన ఉండే చివరి కణుపును సాధారణంగా వదిలేస్తుంది. ఎక్కువగా రెండు చేతులకూ వస్తుంది.

పొద్దున లేవగానే వేళ్లు ఎంతసేపు బిగుసుకుని ఉంటున్నాయో గడియారం పెట్టి చూడండి. జొన్నరొట్టె కొట్టబోతే అరచేయి పిండిమీద ఆనకపోవడం, చెంబు పట్టుకుంటే వేళ్లు మూసుకోకపోవడం, గాజులు ఎక్కకపోవడం... ఇవి అరగంట దాటి, గంట దాకా ఉండి, పని చేస్తున్నకొద్దీ సడలితే కీళ్లవాతాన్ని అనుమానించాలి. రోజంతా పత్తి ఏరి వచ్చాక సాయంత్రం చేతులు గుంజి, రాత్రి పడుకుంటే తగ్గిపోతే అది చాలావరకు శ్రమ నొప్పి. ఈ ఒక్క తేడా డాక్టరుకు సరిగ్గా చెప్పగలిగితే సగం పని అయినట్టే.

ఇంకొక చిన్న పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. నాలుగు వేళ్ల మొదటి కీళ్లను రెండు పక్కల నుంచి ఇంకొకరి చేత మెల్లగా అదిమించుకోండి. కరచాలనం చేసినంత ఒత్తిడికే ప్రాణం పోయినట్టు అనిపిస్తే ఆ మాట రాసి పెట్టుకోండి. వాపు కనపడినరోజే ఫోనులో ఫోటో తీసుకోండి. మీరు డాక్టరు దగ్గరికి పోయేరోజుకు వాపు దిగిపోయి ఉంటుంది, అప్పుడు ఎంత వర్ణించినా ఉపయోగం ఉండదు.

ఇక ఫ్లోరైడ్ సంగతి. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు ఏళ్ల తరబడి బోరు నీళ్లు తాగినవాళ్లకు ఈ అనుమానం రావడం సహజం. తాగేనీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, వీలైతే 1 లోపే ఉండాలి. ఫ్లోరోసిస్‌లో వెన్ను, మెడ బిగుసుకుపోతాయి, తల పక్కకు తిప్పలేరు, చిన్నప్పటి నుంచి ఆ నీళ్లే తాగి ఉంటే పళ్లమీద పసుపు, గోధుమ రంగు చారలుంటాయి. కీలు మెత్తగా ఉబ్బి వేడిగా ఉండటం దాని లక్షణం కాదు. అది తేలేది ఎక్స్‌రేలో, మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్షలో. ముంజేతి రెండు ఎముకల నడుమ ఉండే పొర సున్నం పట్టి ఎక్స్‌రేలో తెల్లగా కనపడుతుంది. ఆర్‌ఏ ఫ్యాక్టర్, సీఆర్‌పీ దాన్ని పట్టుకోలేవు. మా ఊళ్లో అందరికీ ఉన్నదే కదా అనుకుని వేళ్ల వాపును వదిలేయడం మాత్రం తప్పు. ఫ్లోరోసిస్ ఉన్నంత మాత్రాన కీళ్లవాతం రాకూడదని ఎక్కడా లేదు.

చికున్‌గున్యా అయితే ముందు ఉన్నట్టుండి గట్టి జ్వరం, దాంతోపాటే కీళ్ల నొప్పులు వస్తాయి. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతాయి, కొందరికి నెలలు పడుతుంది. అచ్చం కీళ్లవాతంలాగే వేళ్లు ఉబ్బుతాయి కూడా. అందుకే వాపు మొదలైన తేదీ, జ్వరం వచ్చిన తేదీ రెండూ రాసుకోండి. వాపు వచ్చి ఆరు వారాలైందా లేదా అన్న లెక్క ముందుముందు అవసరపడుతుంది. రాత్రికి రాత్రే కాలి బొటనవేలు ఒక్కటే ఎర్రగా ఉబ్బితే అది యూరిక్ యాసిడ్ దారి, ఇక్కడి సంగతి కాదు.

ఎవరి దగ్గరికి, ఎక్కడికి

కీళ్లవాతానికి స్పెషలిస్టును రుమటాలజిస్టు అంటారు. ఎముకల డాక్టరు వేరు, రుమటాలజిస్టు వేరు. హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది. అంత దూరం పోకముందు నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ ఓపీలో చూపించుకోండి. మొదటి పరీక్షలు అక్కడే మొదలుపెట్టొచ్చు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో తీసిన రక్తం తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద జిల్లా కేంద్రంలోని ల్యాబుకు వెళ్తుంది, దానికి డబ్బు తీసుకోరు. మీకు రాసినవాటిలో ఏవి అక్కడ చేస్తారో రక్తం ఇచ్చేచోటే అడిగి, మిగిలినవే బయట చేయించుకోండి.

వాపు వచ్చి ఆరు నెలలైనా ‘నొప్పి సూది’ వేయించుకుంటూ గడిపేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. ఆ సూదిలో చాలాసార్లు ఉండేది స్టెరాయిడ్. వేసిన రెండు రోజులకు పరుగెత్తాలనిపిస్తుంది, సీఆర్‌పీ కూడా దిగిపోతుంది, కీలు లోపల అరుగుతూనే ఉంటుంది. పేరు లేని పొట్లం మందులు, చూర్ణాల్లోనూ స్టెరాయిడ్ కలిపి అమ్మేవాళ్లున్నారు. అవి వాడుతూ రక్తం ఇస్తే ఈఎస్ఆర్, సీఆర్‌పీ నార్మల్‌గా వచ్చి డాక్టరే తికమకపడతారు. ఏం వాడారో దాచకండి. పొట్లం, ఖాళీ స్ట్రిప్ వెంట తీసుకుపోండి. అలాగని స్టెరాయిడ్ మాత్రలు చాలారోజులుగా వేసుకుంటున్నవాళ్లు పరీక్ష కోసమని ఒక్కసారిగా మానేయొద్దు, అది ప్రమాదం.

మొదటిసారి ఏవి చేయించాలి

ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ, ఈఎస్ఆర్, సీఆర్‌పీ, సీబీపీ, లివర్ పరీక్ష, క్రియాటినిన్. మందు మొదలుపెట్టాలని డాక్టరు అనుకుంటే హెపటైటిస్ బి, సి పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే కూడా రాస్తారు. అవి దండగ అనుకోకండి. హెపటైటిస్ సి ఉంటే కీళ్లవాతం లేకపోయినా ఆర్‌ఏ ఫ్యాక్టర్ పాజిటివ్ రావచ్చు. పైగా లివర్‌లో వైరస్ ఉండగా కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ అనే మందు మొదలుపెట్టడం ప్రమాదం.

ప్యాకేజీల్లో తరచూ కనపడే ఏఎస్ఓ పరీక్షకు కీళ్లవాతంతో సంబంధం లేదు. అది గొంతునొప్పి తర్వాత పిల్లలకు వచ్చే రుమాటిక్ జ్వరం కోసం. హెచ్‌ఎల్‌ఏ బి27 అనేది నడుము, వెన్ను పట్టేసే వేరే జబ్బుకు. ఏఎన్ఏ అందరికీ అక్కరలేదు. ముఖం మీద దద్దు, జుట్టు ఊడటం, నోట్లో పుండ్లలాంటివి ఉంటే డాక్టరే రాస్తారు. నన్నడిగితే, ఏఎస్ఓ, బి27లకు పెట్టే డబ్బుతో యాంటీ సీసీపీ చేయించుకోవడం మేలు. ఖరీదు ఎక్కువని దాన్ని వదిలేసి, చవకని ఆర్‌ఏ ఫ్యాక్టర్ ఒక్కటే చేయించి చేతులు దులుపుకోవడం మన దగ్గర మామూలైపోయింది.

ల్యాబులో ఒక మాట అడగండి: ‘ఆర్‌ఏ ఫ్యాక్టర్ అంకె వస్తుందా, లేక పాజిటివ్, నెగటివ్ అని మాత్రమే వస్తుందా?’ చిన్న ల్యాబుల్లో పలకమీద చుక్క వేసి గడ్డ కట్టిందా లేదా అని చూసి పాజిటివ్ రాసిస్తారు. ఎంత పాజిటివ్ అన్నది తెలియకపోతే డాక్టరు వేసే మార్కుల లెక్క సరిగ్గా రాదు. అంకె ఇచ్చే చోటే చేయించండి.

రక్తం ఇచ్చే రోజు

ఈ పరీక్షలకు పరగడుపున పోనక్కరలేదు. దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో మొదటి బస్సెక్కి పోయేవాళ్లు ఏదైనా తినే పోవచ్చు. షుగరు, కొలెస్ట్రాల్ కూడా రాసి ఉంటేనే పరగడుపు. నీళ్లు బాగా తాగిపోండి, నరం సులువుగా దొరుకుతుంది.

జలుబు, జ్వరం, మూత్రంలో మంట, పంటినొప్పి, కాలికి చీము పట్టిన పుండు: వీటిలో ఏదున్నా సీఆర్‌పీ పెరుగుతుంది. కీళ్ల వల్ల పెరిగిందో పన్ను వల్ల పెరిగిందో కాగితం చెప్పదు. ఆగగలిగితే అది తగ్గాక రక్తం ఇవ్వండి, లేదంటే డాక్టరుకు చెప్పండి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే అదీ చెప్పండి. కొన్ని యంత్రాల మీద చేసే పరీక్షల్లో అది ఫలితాన్ని తారుమారు చేస్తుంది.

ఈఎస్ఆర్‌కు ఇచ్చిన రక్తం గంటల తరబడి ఆగితే అంకె మారిపోతుంది. సన్నటి గొట్టంలో రక్తం పోసి నిటారుగా నిలబెట్టి, గంటలో ఎర్రకణాలు ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాయో చూడటమే ఆ పరీక్ష. చెరువు నీళ్లు బిందెలో పోస్తే మన్ను అడుక్కి దిగినట్టే. గొట్టం కాస్త వంగినా, గది బాగా వేడిగా ఉన్నా ఎక్కువ దిగుతుంది. కాబట్టి పల్లెలో పొద్దున తీసి సాయంత్రం పట్నం చేర్చే రక్తంలో ఈఎస్ఆర్ కన్నా సీఆర్‌పీని నమ్మడం మంచిది.

పేరు తేల్చే రెండు అంకెలు

రిపోర్టు రాగానే చివరి గడి చూడండి. మామూలుగా ఎంత ఉండాలో అక్కడ ఉంటుంది. ఆర్‌ఏ ఫ్యాక్టర్‌కు ఒక ల్యాబు 14 లోపు అంటుంది, ఇంకొకటి 20 లోపు అంటుంది. యాంటీ సీసీపీ కూడా అంతే, కిట్టును బట్టి మారుతుంది. అందుకే ఒక ల్యాబు అంకెను ఇంకో ల్యాబు హద్దుతో పోల్చకూడదు.

హద్దు దాటితే పాజిటివ్. హద్దుకు మూడింతలు దాటితే గట్టి పాజిటివ్. హద్దు 20 అయితే 34 అన్నది తక్కువ పాజిటివ్, 212 గట్టి పాజిటివ్. ఈ మూడింతల తేడా డాక్టర్ల లెక్కలో చాలా ముఖ్యం.

కీళ్లవాతం ఉన్న నూరుమందిలో సుమారు 70 మందికి ఆర్‌ఏ ఫ్యాక్టర్ పాజిటివ్ వస్తుంది. కానీ ఏ జబ్బూ లేనివాళ్లలోనూ కొందరికి వస్తుంది, వయసు పైబడినకొద్దీ ఇంకా ఎక్కువమందికి. టీబీ, హెపటైటిస్ సి, చాలాకాలం ఉండే ఇతర ఇన్‌ఫెక్షన్లలోనూ వస్తుంది. యాంటీ సీసీపీ కూడా దాదాపు అంతేమందిని పట్టుకుంటుంది గానీ, ఊరికే పాజిటివ్ రావడం చాలా తక్కువ. కీళ్లవాతం లేని నూరుమందిలో 95 మందికి నెగటివే వస్తుంది. కాబట్టి రెండూ తేడాగా వస్తే సీసీపీ మాటకే బరువెక్కువ.

రెండూ నెగటివ్ వచ్చినా కీళ్లవాతం ఉండొచ్చు. సుమారు ఐదుగురిలో ఒకరికి అలాగే ఉంటుంది. రిపోర్టు చూసి ‘నీకేం లేదు పో’ అని ఎవరన్నా అంటే, వేళ్లు ఉబ్బి ఉన్నంతవరకు ఆ మాట ఒప్పుకోకండి. కీళ్లకు అల్ట్రాసౌండ్ చేస్తే లోపలి వాపు కనపడుతుంది, అడగండి.

సీసీపీ పాజిటివ్, కీళ్లలో ఏ వాపూ లేదు. ఇదీ జరుగుతుంది. జబ్బు బయటపడటానికి ఏళ్ల ముందే ఇది రక్తంలోకి రావచ్చు. అంత మాత్రాన మందులు మొదలుపెట్టరు. బీడీ, చుట్ట ఉంటే మానేయండి, పొగకూ ఈ జబ్బుకూ గట్టి సంబంధం ఉంది. వాపు కనపడిన వారంలోపే డాక్టరును కలవండి.

డాక్టరు వేసే లెక్క

2010లో అమెరికా, యూరప్ రుమటాలజీ సంఘాలు కలిసి ఒక మార్కుల పద్ధతి పెట్టాయి. పదికి ఆరు దాటినా, ఆరొచ్చినా కీళ్లవాతం కింద లెక్క. కనీసం ఒక కీలులో నిజమైన వాపు ఉండి, దానికి వేరే కారణం లేనప్పుడే ఈ లెక్క వేయాలి. నొప్పి ఉన్న ప్రతివాళ్లకూ వేసేది కాదు.

చిన్న కీళ్లు ఒకటి నుంచి మూడు అయితే 2 మార్కులు, నాలుగు నుంచి పది అయితే 3. మోకాలు, భుజంలాంటి పెద్ద కీళ్లు ఒకటే అయితే సున్నా, రెండు నుంచి పది అయితే 1. మొత్తం పది కీళ్లు దాటి, వాటిలో చిన్నది ఒక్కటైనా ఉంటే 5. ఆర్‌ఏ ఫ్యాక్టర్, సీసీపీల్లో ఏదైనా తక్కువ పాజిటివ్ అయితే 2, గట్టి పాజిటివ్ అయితే 3. ఈఎస్ఆర్ గానీ సీఆర్‌పీ గానీ ఎక్కువుంటే 1. ఆరు వారాలు గడిచి ఉంటే ఇంకో 1.

ఇప్పుడు ఇద్దరిని ఊహించుకోండి. నలభై ఏళ్ల అమ్మ, పత్తి చేనుకు పోతుంది. రెండు చేతుల్లో కలిపి ఆరు చిన్న కీళ్లు ఉబ్బాయి, మూడు మార్కులు. సీసీపీ 212, హద్దు 20, ఇంకో మూడు. సీఆర్‌పీ ఎక్కువ, ఒకటి. రెండు నెలలుగా ఉంది, ఇంకొకటి. మొత్తం ఎనిమిది. ఆమెకు ఇక ఆలస్యం లేకుండా మందు మొదలవ్వాలి.

రెండో మనిషి మర్రిగూడ వైపు అరవై ఐదేళ్ల పెద్దాయన. రెండు మోకాళ్లు నొప్పి, కాస్త వాపు: ఒకటి. ఆర్‌ఏ ఫ్యాక్టర్ 28, హద్దు 20: రెండు. ఈఎస్ఆర్, సీఆర్‌పీ నార్మల్: సున్నా. ఏళ్లుగా ఉంది: ఒకటి. మొత్తం నాలుగు. నిజానికి మోకాళ్ల అరుగుదలో ఫ్లోరోసిసో అని తేలితే ఈ లెక్క అసలు వేయనే కూడదు. కానీ ఆయన చేతిలో ఉన్న కాగితం మీద ‘ఆర్‌ఏ పాజిటివ్’ అని ఉంది కాబట్టి ఊళ్లో ఆయన వాతం మనిషే. ఆ ఒక్క మాట మీద మెథోట్రెక్సేట్ మింగడం మొదలుపెడితే లేని జబ్బుకు ఉన్న లివర్‌ను పణం పెట్టినట్టవుతుంది.

ఈఎస్ఆర్, సీఆర్‌పీ చదవడం

సీఆర్‌పీ లివర్‌లో తయారవుతుంది. ఒంట్లో ఎక్కడైనా వాపు (ఇన్‌ఫ్లమేషన్) మొదలైన కొన్ని గంటల్లోనే పెరుగుతుంది, తగ్గితే రోజుల్లోనే దిగిపోతుంది. ఈఎస్ఆర్ మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది. మందు మొదలుపెట్టిన మూడో వారంలో సీఆర్‌పీ దిగి ఈఎస్ఆర్ ఇంకా పైనే ఉంటే కంగారు పడొద్దు.

ఈఎస్ఆర్‌కు వయసుతో పని ఉంది. మగవాళ్లయితే వయసులో సగం, ఆడవాళ్లయితే వయసుకు పది కలిపి అందులో సగం, అక్కడిదాకా మామూలే అనుకోవచ్చు. యాభై ఏళ్ల ఆమెకు 30 అయినా పెద్ద విషయం కాదు. రక్తం తక్కువున్నా, గర్భంతో ఉన్నా ఈఎస్ఆర్ పెరుగుతుంది. మన ఊళ్లల్లో ఆడవాళ్లకు రక్తహీనత ఎంత మామూలో తెలిసిందే. అందుకే ఈఎస్ఆర్ చూసేటప్పుడు పక్కనే సీబీపీలో హిమోగ్లోబిన్ చూడండి. అది 8 ఉండి ఈఎస్ఆర్ 60 ఉంటే, ఆ 60లో కీళ్ల వాటా ఎంతో ఎవరూ చెప్పలేరు.

సీఆర్‌పీలో ఒక మెలిక ఉంది. కొన్ని ల్యాబులు లీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి, కొన్ని డెసిలీటరుకు ఇస్తాయి. రెంటికీ పదింతల తేడా. పోయినసారి 24, ఈసారి 2.4 అని చూసి సంబరపడేలోపు పక్కన రాసిన కొలత చూడండి, రెండూ ఒకటే కావచ్చు. హెచ్‌ఎస్ సీఆర్‌పీ అని గుండె కోసం చేసే పరీక్ష ఉంది, దాని హద్దులు వేరు. ఈ జబ్బుకు మామూలు సీఆర్‌పీ చాలు.

కీళ్లు ఉబ్బి ఉండగా సీఆర్‌పీ నార్మల్ రావడం అరుదేమీ కాదు. అలాంటప్పుడు కాగితాన్ని కాదు, కీలును నమ్మాలి.

ఎన్నాళ్లకోసారి

జబ్బు జోరు మీదున్నప్పుడు నెల నుంచి మూడు నెలల్లోపు ఒకసారి డాక్టరును కలవాలి, అప్పుడే ఈఎస్ఆర్ లేదా సీఆర్‌పీ చేయించాలి. మూడు నెలల్లో మంచి తేడా కనపడాలి, ఆరు నెలలకు అనుకున్న మెట్టు చేరాలి. చేరకపోతే మందు మార్చడం గురించి మీరే అడగండి.

అనుకున్న మెట్టు అంటే ఏమిటి? డాస్ 28 అని ఒక లెక్క ఉంది. భుజాలు, మోచేతులు, మణికట్లు, చేతివేళ్ల కీళ్లు, మోకాళ్లు కలిపి 28 కీళ్లను నొక్కి చూసి, ఎన్ని నొస్తున్నాయి, ఎన్ని ఉబ్బాయి అని లెక్కపెడతారు. దానికి ఈఎస్ఆర్ లేదా సీఆర్‌పీ, ఇంకా ‘మొత్తంమీద నీకెలా ఉంది’ అన్నదానికి మీరిచ్చే మార్కు కలుపుతారు. 2.6 లోపు వస్తే జబ్బు అణిగినట్టు, 3.2 దాకా తక్కువ, 5.1 దాటితే బాగా జోరు. ఈ 28లో పాదాలు లేవు. నాట్లప్పుడు బురదలో నిలబడలేకపోతున్నామంటే ఆ మాట మీరే నోరు తెరిచి చెప్పాలి. సీడాయ్ అనే ఇంకో లెక్కకు రక్తపరీక్షే అక్కరలేదు, కీళ్లు చూసి మార్కులు వేస్తారు. ఈ నెల పరీక్షకు డబ్బుల్లేవని డాక్టరు దగ్గరికే పోకుండా ఆగిపోయేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

కీళ్లవాతానికి టోసిలిజుమాబ్ సూది, టోఫాసిటినిబ్ మాత్రలాంటి మందులు వాడేవాళ్లకు సీఆర్‌పీ మందు వల్లే దిగిపోతుంది. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉన్నా పైకి తెలియకపోవచ్చు. వాళ్లు జ్వరం వస్తే సీఆర్‌పీ నార్మలే కదా అని ఊరుకోకూడదు. ఈ మందులు మొదలుపెట్టకముందు టీబీ పరీక్ష తప్పనిసరి.

మందు తీరు చూసే పరీక్షలు

మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. వారంలో ఏదో ఒక రోజు ఖాయం చేసుకుని, ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి పెట్టండి. దాంతోపాటు రాసిన ఫోలిక్ యాసిడ్ వదలొద్దు.

మొదలుపెట్టాక సీబీపీ, లివర్ పరీక్ష, క్రియాటినిన్ మొదటి మూడు నెలలు రెండు నుంచి నాలుగు వారాలకోసారి, తర్వాత రెండు మూడు నెలలకోసారి చేయిస్తారు. మాత్ర వేసుకున్న మర్నాడో ఎల్లుండో లివర్ పరీక్షకు పోకండి, ఆ రోజుల్లో ఎంజైములు కాస్త ఎక్కి ఉంటాయి. ఆదివారం వేసుకునేవాళ్లు శుక్రవారమో శనివారమో రక్తం ఇవ్వాలి.

తెల్లకణాలు 3,500 కన్నా, ప్లేట్‌లెట్లు 1,40,000 కన్నా తగ్గినా, లివర్ పరీక్షలో ఎస్‌జీపీటీ లేదా ఎస్‌జీఓటీ 100 దాటినా వచ్చే వారం మాత్ర వేసుకోకముందే డాక్టరుకు ఫోన్ చేయండి. కల్లు, సారా తాగే అలవాటుంటే దాచకుండా చెప్పండి. దాని బరువు కూడా లివర్ మీదే పడుతుంది. హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే ఇంకో మందు వాడితే రక్తం కన్నా కంటి పరీక్ష ముఖ్యం. మొదట ఒకసారి, ఐదేళ్ల తర్వాత ఏడాదికోసారి. స్టెరాయిడ్ వాడితే షుగరు, బీపీ చూపించుకోవాలి. పిల్లల కోసం అనుకుంటుంటే ముందుగానే చెప్పండి, మెథోట్రెక్సేట్, లెఫ్లునమైడ్ అనే ఈ జబ్బు మందులు గర్భానికి పనికిరావు.

నోట్లో పుండ్లు, గొంతునొప్పితో జ్వరం, కళ్లు పచ్చబడటం, పొడిదగ్గుతో ఆయాసం, ఒక్క కీలు మాత్రమే విపరీతంగా ఉబ్బి జ్వరం రావడం: వీటిలో ఏదొచ్చినా తర్వాతి పరీక్ష తేదీ దాకా ఆగొద్దు, అదే రోజు పోవాలి.

ఫైలు

వంద పేజీల నోటుబుక్కు ఒకటి చాలు. ఎడమ పేజీలో తేదీ, పొద్దున బిగుతు ఎన్ని నిమిషాలు, ఉబ్బిన కీళ్లు ఎన్ని. కుడి పేజీలో ఈఎస్ఆర్, కొలతతో సహా సీఆర్‌పీ, హిమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, ఎస్‌జీపీటీ, క్రియాటినిన్, అప్పుడు వాడుతున్న మందు, దాని డోసు. వీలైనంతవరకు ఒకే ల్యాబులో చేయించండి. ఆర్‌ఏ ఫ్యాక్టర్, సీసీపీ రిపోర్టులు మొదటి పేజీకి అంటించేయండి, వాటిని మళ్లీ చేయించమని ఎవరైనా అంటే ఎందుకని అడగండి.

పాలమూరు నుంచి బొంబాయి, పుణె, బెంగళూరు పనులకు పోయేవాళ్లు ఈ పుస్తకం పేజీలన్నీ ఫోనులో ఫోటో తీసి, ఇంటి దగ్గర ఉన్నవాళ్లకు కూడా పంపి పెట్టండి. అక్కడి డాక్టరుకు తెలుగు రాదు, అంకెలు చాలు. మందు పేరు, డోసు, ‘వారానికి ఒక్కసారి’ అన్న మాట మాత్రం ఇక్కడి డాక్టరు చేతనే ఇంగ్లీషులో పెద్దక్షరాలతో రాయించుకోండి. రెండు మూడు నెలల మందు కొనుక్కుని పోయేటప్పుడు, ఆ మధ్యలో చేయించాల్సిన సీబీపీ, లివర్ పరీక్షల తేదీలు కూడా అదే పేజీలో వేయించుకుని బస్సెక్కండి.